పైనుంచి పడేవి, ఎగిరి పడేవి: స్వేచ్ఛాపతనం, ప్రక్షేపకాల లెక్కలు తప్పకుండా చేయడం ఎలా?

తిరుపతిలో సాయంత్రం పూట తొమ్మిది, పది తరగతుల పిల్లలకు, ఇంటర్ మొదటి సంవత్సరం వాళ్లకు భౌతికశాస్త్రం చెబుతుంటాను. ఏటా ఈ పాఠం దగ్గరికి వచ్చేసరికి అదే ప్రశ్న వినిపిస్తుంది: "మేడం, సూత్రాలన్నీ నోటికి వచ్చు. అయినా జవాబు రావడం లేదు. ఎక్కడ పోతోంది?"

మొన్న పాకాల నుంచి వచ్చే ఒక అమ్మాయి నోటుపుస్తకం పక్కన కూర్చుని చూశాను. సూత్రం సరిగ్గా ఉంది, గుణకారం సరిగ్గా ఉంది. పైకి విసిరిన బంతికి త్వరణం దగ్గర మాత్రం +9.8 అని రాసింది. ఆ ఒక్క గీత వల్ల పైకి వెళ్లిన బంతి ఆగకుండా వేగం పెంచుకుంటూ ఆకాశంలోకి వెళ్లిపోయింది! నేను దిద్దే పుస్తకాల్లో సూత్రం మరిచిపోయి పోయే మార్కులు తక్కువ. గుర్తు దగ్గర పోయేవి, అడ్డాన్నీ నిలువునూ కలిపేయడం వల్ల పోయేవి ఎక్కువ. అందుకే సూత్రాల జాబితా కంటే, లెక్కను పట్టుకునే పద్ధతి గురించే ఎక్కువ చెబుతాను.

కావలసినవి

తెల్ల కాగితం, పెన్సిల్, 30 సెంటీమీటర్ల స్కేలు, వీడియో తీయగల ఫోను. ప్రవేశ పరీక్షల్లో కాలిక్యులేటర్ ఉండదు కాబట్టి సాధనలో సగమైనా చేత్తోనే చేయండి.

సూత్రాలు మూడే (స్థానభ్రంశం అంటే బయలుదేరిన చోటి నుంచి చేరిన చోటు ఎంత దూరంలో, ఏ దిశలో ఉందన్నది):

- తుదివేగం = తొలివేగం + త్వరణం × కాలం
- స్థానభ్రంశం = తొలివేగం × కాలం + ½ × త్వరణం × కాలం²
- తుదివేగం² = తొలివేగం² + 2 × త్వరణం × స్థానభ్రంశం

పుస్తకంలో ఇవి అక్షరాలతో ఉంటాయి. మొదటి పది లెక్కలకు మాత్రం నా మాట విని పేర్లతోనే రాయండి. పేరు రాస్తున్నప్పుడు "ఇది తొలివేగమా, తుదివేగమా?" అని మనసు ఒక్క క్షణం ఆగి చూస్తుంది. అక్షరం రాసేటప్పుడు ఆగదు.

గురుత్వ త్వరణం 9.8 మీ./సె². ప్రశ్నలో 10 తీసుకోమంటే 10 తీసుకోండి. సగం లెక్క 9.8తో, మిగతా సగం 10తో చేయకండి. మన తిరుపతి అక్షాంశం దగ్గర సముద్రమట్టంలో దీని విలువ సుమారు 9.78. బడి లెక్కకు ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు.

కొలమానాలు ముందే మార్చుకోండి. కి.మీ./గం.ను 5/18తో గుణిస్తే మీ./సె. వస్తుంది. 72 కి.మీ./గం. అంటే 20 మీ./సె. అడుగును 0.3048తో గుణిస్తే మీటర్లు వస్తాయి.

1. బొమ్మ గీయండి, సున్నా ఎక్కడో గుర్తు పెట్టండి

నేల గీత, వస్తువు బయలుదేరిన చోట ఒక చుక్క, పడిన చోట ఇంకో చుక్క. బయలుదేరిన చుక్క పక్కన 0 అని రాయండి. దాని పక్కనే పైకి ఒక బాణం గీసి "+" పెట్టండి.

నేను ఎప్పుడూ పై దిశనే ధనంగా తీసుకోమంటాను. అప్పుడు త్వరణం ఎప్పుడైనా −9.8. వస్తువు పైకి వెళ్తున్నా −9.8, శిఖరం దగ్గర ఉన్నా −9.8, కిందికి వస్తున్నా −9.8. కొందరు కింది దిశను ధనంగా తీసుకోమని నేర్పుతారు. అదీ సరైనదే. వస్తువును ఊరకే జారవిడిచిన లెక్కల్లో అది సుళువు కూడా. ఏదో ఒకటి ఎంచుకుని లెక్క పూర్తయ్యేదాకా దాన్నే పట్టుకోవాలి. నడుమలో మార్చారంటే లెక్క పోయినట్టే.

2. ప్రశ్నలోని మాటలను అంకెలుగా మార్చండి

పిల్లలు "ఇందులో తొలివేగం ఇవ్వలేదు మేడం" అంటారు. ఇచ్చారు, మాటల్లో ఇచ్చారు.

- "జారవిడిచారు", "రాలింది": తొలివేగం 0.
- "క్షితిజ సమాంతరంగా విసిరారు": నిలువు తొలివేగం 0. అడ్డ వేగం మాత్రం ఉంది.
- "గరిష్ఠ ఎత్తు దగ్గర": నిలువు వేగం 0. త్వరణం 0 కాదు.
- "తిరిగి చేతికి వచ్చింది": స్థానభ్రంశం 0.
- "నేలను తాకింది": స్థానభ్రంశం = −ఎత్తు.

చివరి దాని దగ్గర ఎంతమంది తడబడతారో చెప్పలేను. నేలను తాకాక రాయి ఆగిపోతుంది కదా అని తుదివేగం 0 వేస్తారు. మనకు కావలసింది తాకబోయే క్షణంలోని వేగం. ఆగడమన్నది నేల చేసిన పని, ఈ మూడు సూత్రాలకు దానితో సంబంధం లేదు.

ద్రవ్యరాశి ఇచ్చినా ఇక్కడ వాడకండి. 5 మీటర్ల కొమ్మ నుంచి రాలిన బెంగళూరు మామిడి పెద్దదైనా చిన్నదైనా నేలను తాకేటప్పుడు వేగం √(2 × 9.8 × 5) = 9.9 మీ./సె., అంటే దాదాపు 36 కి.మీ./గం. తోటలో కాయను రాలగొట్టకుండా చిక్కంతో దించేది ఇందుకే. ఆ వేగంతో నేలకు తగిలిన కాయకు దెబ్బ పైకి కనిపించకపోయినా లోపల కుళ్లు మొదలవుతుంది.

3. ముందుగా తేలిక లెక్క: తలకోన

తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు, అంటే సుమారు 82 మీటర్లు. పైఅంచు నుంచి ఒక గులకరాయి జారిపడితే నేలకు ఎంతసేపట్లో చేరుతుంది?

తొలివేగం 0, స్థానభ్రంశం −82, త్వరణం −9.8. రెండో సూత్రంలో వేయండి:

−82 = 0 − 4.9 × కాలం²
కాలం² = 16.73
కాలం = 4.09 సె.

తుదివేగం = 0 − 9.8 × 4.09 = −40.1 మీ./సె. రుణ గుర్తుకు అర్థం "కిందికి" అని. వడి అడిగితే 40.1 అని రాయండి, వేగం అడిగితే దిశ కూడా చెప్పండి.

సరిచూసుకోవడానికి ఒక చిన్న నిచ్చెన కంఠతా పట్టండి. జారవిడిచిన వస్తువు 1, 2, 3, 4 సెకన్లలో పడే దూరాలు 4.9, 19.6, 44.1, 78.4 మీటర్లు. మన 82 మీటర్లు 78.4 కంటే కొంచెం ఎక్కువ, కాబట్టి జవాబు 4 సెకన్లకు కొంచెం పైన ఉండాలి. ఉంది. ఎవరికైనా 8 సెకన్లు వచ్చిందంటే వర్గమూలం దగ్గరా, ½ దగ్గరా రెండుచోట్లా జారారన్నమాట.

ఒక హెచ్చరిక. ఇది గులకరాయి లెక్క. తలకోన నీళ్లు 144 కి.మీ./గం. వేగంతో పడతాయని రాయకండి. పడే దారిలో ధార చినుకులుగా విడిపోతుంది, గాలి వాటిని అడ్డుకుంటుంది, వేగం చాలా తగ్గిపోతుంది. ఈ సూత్రాలు గాలి నిరోధాన్ని వదిలేసినవి. రాయికి, క్రికెట్ బంతికి తక్కువ ఎత్తుల్లో బాగా పనికొస్తాయి. ఆకుకు, కాగితానికి, షటిల్ కాక్‌కు పనికిరావు.

4. తొలివేగం ఉన్న లెక్క: బెలూన్ నుంచి జారిన వస్తువు

ఇక్కడ నిదానంగా ఉండండి. పరీక్షల్లో ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే.

చిత్తూరు దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి నుంచి పరికరాలు కట్టిన బెలూన్లను గాలిలోకి వదులుతారు. వాతావరణ బెలూన్లు సాధారణంగా సెకనుకు 5 మీటర్ల చొప్పున పైకి లేస్తాయి. అలాంటి ఒక బెలూన్ 100 మీటర్ల ఎత్తులో ఉండగా దానికి కట్టిన చిన్న ఇనుప ముక్క ఊడిందనుకుందాం. నేలకు చేరడానికి ఎంతసేపు?

ఊడిన క్షణంలో ఆ ముక్క బెలూన్‌తో పాటే పైకి వెళ్తోంది. బస్సు ఆగకముందే దిగినవాడు ముందుకు తూలినట్టు, ఇది కూడా కొంతదూరం పైకే పోతుంది. కాబట్టి తొలివేగం +5. స్థానభ్రంశం −100.

−100 = 5 × కాలం − 4.9 × కాలం²
4.9 × కాలం² − 5 × కాలం − 100 = 0
కాలం = [5 + √(25 + 1960)] ÷ 9.8 = (5 + 44.55) ÷ 9.8 = 5.06 సె.

వర్గసమీకరణానికి రెండో మూలం రుణ సంఖ్య. అది ముక్క ఊడకముందు కాలం, వదిలేయండి.

ఇదే లెక్కలో తొలివేగాన్ని 0 అనుకుంటే 4.52 సెకన్లు వస్తుంది. −5 అనుకుంటే 4.04 వస్తుంది. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ఇలాంటి తప్పుడు జవాబులనే పక్క ఐచ్ఛికాలుగా పెడతారు. జవాబు ఐచ్ఛికాల్లో కనబడింది కదా అని నమ్మకండి.

వర్గసమీకరణం ఇబ్బందిగా ఉంటే రెండు ముక్కలుగా చేయండి. పైకి వెళ్లే కాలం 5 ÷ 9.8 = 0.51 సె. పైకి పోయిన దూరం 25 ÷ 19.6 = 1.28 మీ. అక్కడి నుంచి 101.28 మీటర్లు పడటానికి 4.55 సె. కలిపితే 5.06. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వచ్చింది. సమయం ఉంటే ఇంతకంటే గట్టి తనిఖీ లేదు.

5. ప్రక్షేపకం: కాగితాన్ని నిలువుగా రెండుగా మడవండి

ప్రక్షేపకం అంటే విసిరాక గురుత్వం ఒక్కటే లాగే వస్తువు. కాగితాన్ని నేను మా పిల్లలతో నిజంగానే మడిపిస్తాను. ఎడమ సగంపై "అడ్డం", కుడి సగంపై "నిలువు" అని రాయిస్తాను. అడ్డంలో త్వరణం 0, వేగం మారదు. నిలువులో త్వరణం −9.8, అంటే ఇప్పటిదాకా చేసిన లెక్కే. ఒక సగంలోని అంకె రెండో సగంలోకి రాకూడదు. మడత దాటి అటూ ఇటూ తిరగగలిగేది కాలం ఒక్కటే.

10 మీటర్ల ఎత్తున్న మిద్దె మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి అంచు దాటేటప్పుడు 6 మీ./సె. వేగంతో క్షితిజ సమాంతరంగా వెళ్తోంది. ఎంత దూరంలో పడుతుంది?

నిలువు సగం: తొలివేగం 0, స్థానభ్రంశం −10. కాలం = √(20 ÷ 9.8) = 1.43 సె.
అడ్డం సగం: దూరం = 6 × 1.43 = 8.6 మీ.

నేలను తాకేటప్పుడు నిలువు వేగం 9.8 × 1.43 = 14 మీ./సె. మొత్తం వడి 6 + 14 = 20 కాదు. రెండూ లంబ దిశల్లో ఉన్నాయి కాబట్టి √(36 + 196) = 15.2 మీ./సె. కోణం కావాలంటే 14ను 6తో భాగించి టాన్ విలోమం తీయండి: క్షితిజానికి కిందుగా దాదాపు 67 డిగ్రీలు.

బంతి 6కు బదులు 12 మీ./సె. వేగంతో అంచు దాటితే ఎంతసేపట్లో పడుతుందని తప్పకుండా అడుగుతాను. సగం మంది "తొందరగా" అంటారు, కొందరు "ఆలస్యంగా" అంటారు. అదే 1.43 సెకన్లే. కుడి సగంలో ఏ అంకే మారలేదు, చూడండి. దూరం మాత్రం రెట్టింపవుతుంది.

6. కోణంలో విసిరినప్పుడు

నేల మీద నుంచి 20 మీ./సె. వేగంతో 30 డిగ్రీల కోణంలో బంతిని కొట్టారు. మొదట వేగాన్ని రెండు అంశలుగా విడదీయండి:

అడ్డం = 20 × కాస్ 30 = 17.32
నిలువు = 20 × సైన్ 30 = 10

కోణాన్ని నేల నుంచి కొలిస్తేనే ఇలా. "నిలువుతో 30 డిగ్రీలు" అని ప్రశ్నలో ఉంటే రెండూ తారుమారవుతాయి. ఇంట్లో కాలిక్యులేటర్ వాడేవాళ్లు ముందు సైన్ 30 నొక్కి చూడండి. 0.5 రావాలి. −0.988 వచ్చిందంటే అది రేడియన్లలో ఉంది, డిగ్రీలకు మార్చండి.

ఆరోహణ కాలం (పైకి వెళ్లే కాలం) = 10 ÷ 9.8 = 1.02 సె.
ప్రయాణ కాలం = 2.04 సె.
గరిష్ఠ ఎత్తు = 100 ÷ 19.6 = 5.1 మీ.
వ్యాప్తి (పడేలోగా అడ్డంగా వెళ్లిన దూరం) = 17.32 × 2.04 = 35.3 మీ.

తనిఖీ: పుస్తకంలోని వ్యాప్తి సూత్రం, అంటే తొలివేగం² × సైన్ (2 × కోణం) ÷ 9.8, వాడితే 400 × 0.866 ÷ 9.8 = 35.3. సరిపోయింది. ఇంకో తనిఖీ కూడా ఉంది. కోణం 60 డిగ్రీలు చేస్తే వ్యాప్తి మారకూడదు, ఎత్తు మాత్రం పెరగాలి. చేసి చూడండి, 15.3 మీటర్లు రావాలి.

ఆ వ్యాప్తి సూత్రం బయలుదేరిన మట్టానికే తిరిగి వచ్చే వస్తువుకు మాత్రమే చెల్లుతుంది. మిద్దె మీద నుంచి విసిరి నేల మీద పడితే చెల్లదు. "45 డిగ్రీలకు వ్యాప్తి గరిష్ఠం" అన్న మాట కూడా అంతే, సమతలానికే. ఎత్తు మారిందంటే సూత్రాన్ని పక్కన పెట్టి మడత కాగితం దగ్గరికి రండి.

శ్రీహరికోట మన జిల్లాలోనే ఉండటం వల్ల, రాకెట్‌కు ఈ లెక్క వేయవచ్చా అని పిల్లలు ఆశగా అడుగుతారు. ఇంజిన్ మండుతున్నంతసేపూ రాకెట్ ప్రక్షేపకం కాదు. దాన్ని ఇంకో బలం నెడుతోంది. బలం గురుత్వం ఒక్కటే అయినప్పుడే ఈ సూత్రాలు.

7. చేత్తో సరిచూడండి

స్కేలుతో: స్నేహితుడు స్కేలును పైచివర పట్టుకోవాలి. 0 గుర్తు దగ్గర మీ బొటనవేలు, చూపుడువేలు తాకకుండా సిద్ధంగా ఉంచండి. చెప్పకుండా వదలమనండి, పట్టుకోండి. 20 సెం.మీ. దగ్గర పట్టుకుంటే కాలం √(0.4 ÷ 9.8) = 0.2 సె. అది మీ ప్రతిస్పందన కాలం. సెంటీమీటర్లను మీటర్లుగా మార్చడం మరిచిపోతే 2 సెకన్లు వస్తుంది. అంతసేపు స్కేలు వేళ్ల మధ్య ఉండదు కదా!

ఫోనుతో: గోడ మీద 2.5 మీటర్ల ఎత్తున సుద్దతో గీత గీసి అక్కడి నుంచి నిమ్మకాయను వదలండి. లెక్క ప్రకారం 0.714 సెకన్లు పట్టాలి. స్టాప్‌వాచ్ వద్దు, మన వేలు తడబాటే 0.2 సెకన్లు. వీడియో తీసి చట్రాలు (ఫ్రేములు) లెక్కపెట్టండి. సెకనుకు 30 చట్రాల వీడియోలో 21 చట్రాలు వస్తే గురుత్వ త్వరణం 5 ÷ 0.7² = 10.2 అని తేలుతుంది, 22 వస్తే 9.3. ఒక్క చట్రానికి అంత తేడా! సెకనుకు 240 చట్రాల స్లో మోషన్ ఉంటే 171 దగ్గర ఆగుతుంది, 9.85 వస్తుంది. 9.3 నుంచి 10.2 మధ్య ఏది వచ్చినా నిరాశపడకండి, మీ కొలత మంచిదే. 4.9 వస్తే మాత్రం సూత్రంలో 2 మరిచారు.

బావితో: రాయి వేసి నీటి చప్పుడు 1.9 సెకన్లకు వినిపిస్తే లోతు 4.9 × 1.9² = 17.7 మీ. వేలి తడబాటు కలిపితే 14 నుంచి 21.6 మీటర్ల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. చప్పుడు పైకి రావడానికి పట్టేది 0.05 సెకన్లే కాబట్టి దాన్ని వదిలేయవచ్చు. మన పల్లెల్లో పిట్టగోడ లేని పాత బావులు ఇంకా ఉన్నాయి. పెద్దవాళ్లు పక్కన లేకుండా దేని దగ్గరికీ వెళ్లకండి. తాగునీటి బావిలో రాళ్లు వేయకండి. మిద్దె మీద నుంచి ఏదైనా వదిలేటప్పుడు కింద ఒకరు నిలబడి దారిన వచ్చేవాళ్లను ఆపాలి.

సాధనకు మూడు లెక్కలు

ఒకటి: 44.1 మీటర్ల ఎత్తు నుంచి జారిన రాయి నేలకు చేరే కాలం, వడి? (3 సె., 29.4 మీ./సె.)

రెండు: 14.7 మీ./సె. వేగంతో నిట్టనిలువుగా విసిరిన బంతి తిరిగి చేతికి వచ్చే కాలం, చేరిన ఎత్తు? (3 సె., 11 మీ.)

మూడు: ఆరో మెట్టులోని బంతినే, 20 మీ./సె., 30 డిగ్రీలు, 10 మీటర్ల మిద్దె అంచు నుంచి కొడితే ఎంత దూరంలో పడుతుంది? (2.78 సె., 48 మీ.) ఇందులో 35.3 వచ్చిందంటే వ్యాప్తి సూత్రం వాడారు. 24.7 వచ్చిందంటే నిలువు తొలివేగాన్ని 0 అనుకున్నారు. 13 వచ్చిందంటే దాని గుర్తు తారుమారు చేశారు.